వెచ్చబడ్డ మందు

ఆమె పోయిందన్న సంగతి నాకు ఒక దూడ వల్ల తెలిసింది. విరుదునగర్‌లో నేను పనిచేసే పశువుల ఆస్పత్రికి ఒకాయన కడుపుబ్బిన దూడను ఆటోలో వేసుకొచ్చాడు. అది తేరుకొని లేచి నిలబడ్డాక, మాటల్లో ఆయన సొంతూరు ఏదో తెలిసింది. కోవిల్‌పట్టి అవతల, బస్సు దిగి నల్లరేగడిలో రెండు మైళ్ళు నడిస్తే వచ్చే ఊరు. అక్కడ మేకలు పెంచే అవ్వ ఒకామె ఉండేది, బాగుందా అని అడిగాను. పోయి నెల దాటింది అన్నాడు. దూడను ఎత్తుకొని వెళ్ళిపోయాడు. నేను చేతులు కడుక్కోవడం కూడా మరిచిపోయి చాలాసేపు అక్కడే నిలబడ్డాను.

ఆమె పేరు నాకు తెలుసు. టీకాల రిజిస్టర్లో నా చేత్తో ఎన్నోసార్లు రాశాను. ఇక్కడ మాత్రం రాయను. నేను చేసినదాని పక్కన ఆ పేరు ఉండటం నాకు ఇష్టం లేదు.

తొంభైల మధ్యలో నాకు ఆ వైపు ఉద్యోగం వచ్చింది. డాక్టరు కింద పనిచేసే పశువుల ఇన్‌స్పెక్టర్‌ని. మోపెడ్ వెనక ఐసుపెట్టె కట్టుకొని ఊరూరా తిరిగి గొడ్లకూ గొర్రెలకూ టీకాలు వేయడం నా పని. మొదటిసారి ఆమె దొడ్డికి పోయినప్పుడు ముళ్ళకంప తడిక తీసి లోపలికి అడుగు పెట్టబోయాను. ఆమె కర్ర అడ్డం పెట్టింది. పక్కన ఒక మట్టితొట్టిలో వేపాకు నలిపి వేసిన నీళ్ళున్నాయి. వాటితో కాళ్ళు కడుక్కొని రమ్మని అరవంలో చెప్పింది. నేను ప్రభుత్వ ఉద్యోగిని, కొత్త ప్యాంటు వేసుకొని ఉన్నాను. కోపం వచ్చింది. అయినా కడుక్కున్నాను. పది దొడ్లు తొక్కి వచ్చినవాడి కాళ్ళతో రోగాలు వస్తాయని మాకు శిక్షణలో చెప్పారు, మేమెవరమూ పట్టించుకోలేదు. బడి ముఖం చూడని ఆ మనిషి పట్టించుకుంది.

సూది వేస్తూ నేను మేకలను గొంతులోనే లెక్కపెట్టుకుంటున్నాను. ఆరు, ఏడు, ఎనిమిది. మా ఇంట్లో మాట్లాడేది తెలుగు. బయట ఎంత అరవం మాట్లాడినా లెక్క మాత్రం ఇంటి భాషలోనే వస్తుంది. ఆమె చటుక్కున తలెత్తి చూసింది.

"ఏమి నాయనా, మనోడివేనా? ఇంతసేపూ చెప్పనే లేదే."

ఆ క్షణం నుంచి ఆమెకు నేను 'మీరు' కాదు, 'నువ్వు'. ఊళ్ళో అందరికీ నన్ను 'మా పిల్లోడు' అని చెప్పుకుంది. మా నాయన ఊరు కారియాపట్టి పక్క అని చెబితే, అక్కడ ఎవరెవరు తనకు ఏమవుతారో వేళ్ళ మీద చెప్పి, చివరికి ఒక వరస తేల్చింది. ఆ వరస నిజమో కాదో నేను ఎప్పుడూ విచారించలేదు.

ఆమె పెంచేవి కన్ని మేకలు. ఒళ్ళంతా నిగనిగలాడే నలుపు, కొమ్ముల మొదట్లోంచి మూతి దాకా రెండు తెల్లటి చారలు. దూరం నుంచి చూస్తే అన్నీ ఒకటే. ఆమెకు మాత్రం ప్రతిదానికీ పేరుండేది. పుట్టగానే పెట్టేది కాదు. అది ఏదైనా ఒక పని చేసేదాకా ఆగి, ఆ పనే పేరుగా పెట్టేది. గోడెక్కేది. చెప్పుదొంగ. కుండ దొర్లించింది. జోరువానలో పుట్టిన ఒకదానికి మాత్రం పుట్టిన పొద్దే పేరు వచ్చింది, వానపిల్ల. మనుషులతో అరవం మాట్లాడినా మేకలతో మాత్రం తెలుగే. వాటికి అరవం రాదని నాతో నిజంగానే చెప్పింది.

పొద్దున్నే దొడ్డి ఊడ్చేటప్పుడు పెంటికలను అరచేతిలోకి తీసుకొని వేలితో నలిపి చూసేది. మేక మూతి దగ్గర ముక్కు పెట్టి దాని ఊపిరి వాసన చూసేది. "రాత్రి ఇది సరిగా నెమరెయ్యలేదు" అనేది. నేను నవ్వేవాణ్ణి. తరువాత థర్మామీటరు పెట్టి చూస్తే జ్వరం ఉండేది.

ఆమెకు కళ్ళు ఎప్పుడూ ఎర్రగా ఉండేవి, కట్టెపొయ్యి పొగ, రేగడి దుమ్ము. నేను టీకాలకు వచ్చిన ప్రతిసారీ పని అయ్యాక ఐసుపెట్టె వైపు చూసి చిన్నపిల్లలా చెయ్యి చాపేది. ఒక ముక్క ఇస్తే, దాన్ని కొంగులో చుట్టి రెప్పల మీద పెట్టుకొని గోడకు ఆనుకొని కూర్చునేది. నీళ్ళు చెంపల మీదుగా కారుతుంటే "అబ్బ, ఎంత సుకంగా ఉండాదో" అనేది. ఆమె నన్ను అడిగింది అదొక్కటే.

మేకల మీద ఆమెకు ఉన్నది మురిపెం అంటే సరిపోదు. పోతుపిల్లలను ఎట్టయపురం సంతకు అమ్మేది. అమ్మిన పొద్దు వాటిని తనే తాడు పట్టి లారీ దాకా నడిపించేది. వ్యాపారి చేతికి తాడు ఇచ్చి, బండి కదిలేదాకా చూస్తూ నిలబడేది. ముఖం తిప్పుకునేది కాదు. ఎందుకు అక్కడే నిలబడతావు, లోపలికి పోరాదా అని ఒకసారి అడిగాను.

"నేనే గదా అమ్మినాను. నేను చూడకుంటే ఎట్లా?" అంది.

చచ్చిపోయినవాటి సంగతి వేరు. నేను వచ్చిన రెండో ఏడు ఒక మేక ఈనలేక చచ్చిపోయింది. పిల్ల అడ్డం తిరిగింది, నేను చేరేసరికి ఆలస్యమైంది. తోలు కోసం వచ్చినవాణ్ణి ఆమె పంపేసింది. మెడతాడు విప్పి, తుమ్మచెట్ల పక్కన తానే గుంత తవ్వి పూడ్చింది. మేకే కదా అవ్వా, ఇంకొకటి పుడుతుంది అన్నాను. ఆమె పలుగు పక్కన పెట్టింది.

"మీ అమ్మ పోతే ఇంగొక అమ్మ పుడతాదిలే అని నేను నీకి చెప్పను నాయనా. చెప్తే నీకి కోపం వస్తాది."

కోపంగా అనలేదు. నాకు ఒక తెలియని విషయం చెబుతున్నట్టు అంది.

ఆ సాయంత్రం మేకలన్నీ దొడ్డిలోకి చేరాక, తడిక మూసే ముందు ఆమె బయట చీకటిపడుతున్న చేను వైపు తిరిగి, చచ్చిపోయిన ఆ మేకను పేరు పెట్టి పిలిచింది. కాసేపు ఆగింది. మళ్ళీ పిలిచింది. లోపల మేకలు చెవులు నిక్కించి నిలబడ్డాయి. మూడు సాయంత్రాలు అలా పిలుస్తుందట, నాలుగోనాడు మానేస్తుందట. అది వస్తుందని కాదు.

"ఇది రాదు అని తక్కినవాటికి తెలియాల గదా. చెప్పకుంటే అవి చూస్తా ఉంటాయి."

ఆమెకు కూడా తెలియాలి కదా అని నాకు అప్పుడు తట్టలేదు.

ఇంక నేను చేసినది చెప్పాలి.

రెండువేల సంవత్సరం దాటిన తరువాత సంగతి. ఆ ఏడు కారియాపట్టి వైపు నుంచి మేకల ప్లేగు వస్తోందని కబురు. మా వైపు దాన్ని అరవంలో ఆట్టుకొల్లి అంటారు, మేకలను చంపేది అని. కళ్ళూ ముక్కూ కారి, నోరంతా పుండ్లు పడి, కడుపు పారుకొని వారంలో చచ్చిపోతాయి. దానికి కొత్తగా టీకా వచ్చింది. చిన్న సీసాలో పొడి ఉంటుంది, ఉప్పునీళ్ళతో కలిపి వేయాలి. వేసేదాకా ఐసులోనే ఉండాలి. వేడి తగిలితే అందులోని ప్రాణం పోతుంది, తరువాత అది ఉత్త నీళ్ళే. సీసాలు ఇస్తూ డాక్టరు ఈ మాట నాకు రెండుసార్లు చెప్పాడు. మూడు ఊళ్ళు నా వంతు. ఆఖరిది ఆమె ఊరు.

మొదటి రెండు ఊళ్ళూ పొద్దున్నే చక్కగా చేశాను. మధ్యాహ్నం దారిలో ఒక స్నేహితుడి ఇంట్లో పాపకు చెవులు కుట్టే వేడుక. చెయ్యి కడుక్కొని పోదువు రమ్మన్నారు. విస్తరి ముందు కూర్చున్నాను, మాంసం కూర వేశారు, రెండోసారి కూడా వేయించుకున్నాను. తిన్నాక పందిట్లో నులకమంచం కనిపించింది. పది నిమిషాలు అనుకొని నడుం వాల్చాను. లేచేసరికి మూడున్నర. మోపెడ్ ఎండలో ఉంది. ఐసుపెట్టె మూత సరిగా పడలేదు. లోపల చెయ్యి పెడితే స్నానానికి పనికొచ్చేంత వెచ్చటి నీళ్ళు.

వెనక్కి తిరగాల్సింది. తిరిగితే సీసాలు ఎందుకు పాడయ్యాయో కాగితం మీద రాసివ్వాలి. నిద్రపోయాను అని రాయాలి. ఎంతో కొంత పని చేయదా అనుకున్నాను. చేయదని నాకు తెలుసు. మోపెడ్ ఎక్కి ఆమె ఊరి వైపే పోయాను.

ఊళ్ళో మిగతావాళ్ళు గొర్రెలను దూరపు బీళ్ళకు తోలుకుపోయారు. నేను వస్తున్నానని ఆమె ఒక్కతే మేకలను మేతకు విడవకుండా పొద్దుటి నుంచి దొడ్లోనే ఉంచి, ఆకు కోసి వేసింది. ఇరవై మూడు మేకలు. ఒక్కొక్కదాన్నే ఆమె మోకాళ్ళ మధ్య పట్టుకుంది, నేను సూది వేశాను. నేను జేబురుమాలుతో నుదురు తుడుచుకుంటుంటే, సీసా జారకుండా ఆమె పట్టుకుంది. దాన్ని అరచేతిలో ఒకసారి అటూ ఇటూ తిప్పింది. అంతా అయ్యాక ఎప్పటిలా చెయ్యి చాపింది.

"ఐసు లేదు అవ్వా. ఇది కొత్త మందు. దీనికి ఐసు అక్కర లేదు."

"అట్లనా?" అంది. చాపిన చేతిని కొంగుకు తుడుచుకుంది. ఇంటి గోడ దగ్గర ఆమె కూతురు రేషన్ బియ్యంలో రాళ్ళు ఏరుతూ మమ్మల్ని చూస్తోంది. ఆ కూతురు శివకాశిలో అగ్గిపెట్టెల కంపెనీకి వ్యానులో పోయివచ్చేది. ఆ పొద్దు సెలవు.

నెల తిరగకముందే ఆట్టుకొల్లి వచ్చింది. కబురు అందిన పొద్దు నేను పోలేదు, మరునాడు పోయాను. అప్పటికే ఐదు పోయాయి. ఆమె ఒక మేక తలను ఒడిలో పెట్టుకొని, దాని ముక్కు మీద ఎండి కట్టిన పక్కును నూనెగుడ్డతో మెత్తబరిచి తీస్తోంది. నోరు పుండైన మేకలు మేయలేవు కాబట్టి సజ్జగంజి పలచగా కాచి, వెదురుగొట్టంతో కొంచెం కొంచెం పోస్తోంది. నాకు తెలిసిన సూదులన్నీ వేశాను. అవి ఈ రోగానికి మందు కావు, పైపై ఉపశమనమే. నేను పోయేటప్పుడు ఆమె నాకు మజ్జిగ ఇచ్చింది. నేను తాగాను.

ఇరవై మూడింటిలో ఆరు మిగిలాయి. నేను పొద్దున్నే టీకా వేసిన రెండు ఊళ్ళలోనూ ఒక్క మేకకు ఏమీ కాలేదు.

ఒక సాయంత్రం నేను అక్కడ ఉండగానే తడిక మూసే వేళయింది. ఆమె చేను వైపు తిరిగి పిలవడం మొదలుపెట్టింది. ఒకటి కాదు. గోడెక్కేది, చెప్పుదొంగ, కుండ దొర్లించింది, వానపిల్ల. ఒక్కొక్క పేరు తరువాతా అంతే సేపు ఆగింది. ఏ పేరునూ తొందరగా దాటలేదు. నేను మోపెడ్ దగ్గర తలవంచుకొని నిలబడ్డాను. నిలబడలేక, ఆమె ముగించకముందే బండి తోసుకుంటూ చప్పుడు కాకుండా ఊరి బయటికి నడిచి, అక్కడ స్టార్ట్ చేశాను.

టీకా వేసినా ఎందుకు చచ్చాయని పైనుంచి ఒక అధికారి విచారణకు వచ్చాడు. నన్నూ వెంటబెట్టుకొని ఆమె ఇంటికి వచ్చాడు. ఊరి వాళ్ళు నలుగురు చేరారు. మందు వేసిన పొద్దు సీసాలు చల్లగా ఉన్నాయా, ఇతను ఐసు తెచ్చాడా అని ఆమెను అరవంలో సూటిగా అడిగాడు. కూతురు గడపలో నిలబడి ఏదో చెప్పబోయింది. ఆమె కూతురి వైపు ఒక్క చూపు చూసి, అధికారికి జవాబు చెప్పింది. ఐసు తెచ్చాడు, ఒక ముక్క అడిగి నా కంటికి కూడా పెట్టుకున్నాను, ఎప్పుడూ అడుగుతాను, కావాలంటే ఊరిని అడగండి అంది. రోగం గొర్రెలు తాగిన గుంతలో మేకలకు నీళ్ళు పెట్టాను, తప్పు నాదే అని కూడా అంది.

అధికారి రాసుకున్నాడు. ఆమె వేలిముద్ర వేసింది. బొటనవేలికి అంటిన సిరాను తుడుచుకోవడానికి నేను దూది ఇచ్చాను. ఆ క్షణంలో అయినా నేను నోరు తెరవొచ్చు. ఇద్దరం ఒకే భాషవాళ్ళం, ఆ అధికారికి అర్థం కాని భాషలో ఒక్క మాట ఆమెకైనా చెప్పొచ్చు. చెప్పలేదు. ఆ సాయంత్రం కోవిల్‌పట్టిలో ఒక హోటల్లో కూర్చొని పరోటాలు తిన్నాను. బాగా ఆకలేసింది. బతికిపోయాను అన్న సంతోషంతో ఆకలేసింది. ఇన్నేళ్ళలో ఆ ఆకలిని తలుచుకున్నంత అసహ్యంగా నేను దేన్నీ తలుచుకోలేదు.

ఆ తరువాత ఆ ఊరి వంతు వచ్చినప్పుడల్లా ఏదో వంక చెప్పి దాటేశాను. రెండుసార్లు ఆమె నన్ను వెతుక్కుంటూ కోవిల్‌పట్టి ఆస్పత్రికి వచ్చింది. మొదటిసారి వచ్చినప్పుడు నేను నిజంగానే లేను. రెండోసారి వరండాలో ఆమె గొంతు విని మందుల గదిలోకి పోయి తలుపు దగ్గరికి వేసుకున్నాను. "మా పిల్లోడు లేడా?" అని అటెండరును అడుగుతోంది. మిగిలిన ఆరింటిలో ఒకటి ఈనిందని, పిల్లలకు మందు వేయించాలని చెబుతోంది. నేను తలుపు సందులోంచి అతనికి చెయ్యి అడ్డంగా ఊపాను. లేడని అతను చెప్పాడు. ఆమె బస్సు వేళ దాకా వేపచెట్టు కింద కూర్చుంది. కిటికీ సందులోంచి ఆమె వీపు కనిపిస్తూనే ఉంది. పోయేముందు నాకిమ్మని ఒక సంచి ఇచ్చి పోయింది. అందులో లేత దోసకాయలు. నేను వాటిని ముట్టుకోలేదు, అటెండరును తీసుకుపొమ్మన్నాను. ఆ వారమే బదిలీకి అర్జీ పెట్టుకున్నాను. విరుదునగర్ వచ్చాను.

దూడ తెచ్చినాయన ఆ మాట చెప్పిన తరువాతి ఆదివారం నేను ఆ ఊరికి పోయాను. బస్సు దిగి రేగడిలో నడిచాను. ఆ దొడ్డి ఉంది, మేకలు ఉన్నాయి, పద్నాలుగో పదిహేనో. కూతురు కంపెనీ పని మానేసి వాటినే చూసుకుంటోంది. జుట్టు నెరిసింది. నన్ను గుర్తుపట్టి అరుగు మీద కూర్చోమంది. అవ్వకు చివరి రోజుల్లో కళ్ళు పూర్తిగా పోయాయట. మేకలు దగ్గరికి వస్తే చెవులు తడిమి ఏది ఏదో చెప్పేదట.

నేను దారి పొడుగునా కూడబలుక్కున్నదంతా చెప్పాను. చెవులు కుట్టే వేడుక, విస్తరి, నులకమంచం, వెచ్చటి నీళ్ళు, కొత్త మందు అన్న అబద్ధం. మందుల గది తలుపు కూడా చెప్పాను. కూతురు మునగరొట్ట మండలు విరుస్తూ విన్నది. ఎక్కడా ఆశ్చర్యపోలేదు.

"అమ్మకి ఆ పొద్దే తెలుసు. సీసా వెచ్చగా ఉండిందని మీరు పోతానే నాకి చెప్పింది. వద్దంటే మీకి అవమానమైపోతాదని వేయనిచ్చింది."

అయితే అధికారి ముందు నన్ను ఎందుకు కాపాడింది అని అడిగాను. క్షమించిందనే మాట వినాలని వచ్చానని అప్పుడు నాకు అర్థమైంది.

ఆమె మండలు కింద పెట్టింది.

"నేను నిజం చెప్పేస్తానంటి. అమ్మ వద్దనింది. ఈయన్ని పంపిస్తే ఈ ఊరికి ఇంగెవరు వస్తారు అనింది. ఒకతూరి ఇట్లా చేసినోడు మల్లా చెయ్యడు, మందు చల్లగా తెస్తాడు, ఈయన్నే రానీ అనింది. మీరు రావాలనే అట్లా చెప్పింది. రెండేండ్లు ఎవరూ రాలేదు. మూడో ఏడు మల్లా ఆ రోగమే వచ్చింది."

అప్పుడు ఎన్ని పోయాయని నేను అడగలేదు. ఒక మేకపిల్ల వచ్చి ఆమె చేతిలోని మండను లాగింది, వదిలింది. నేను లేచి నిలబడ్డాను. నాలుగింటికి బస్సు ఉంది, పట్టుకోవాలి అన్నాను. ఆమె కూడా లేచింది.

మా వైపు ఇంటికొచ్చిన మనిషిని పొమ్మనరు. శత్రువునైనా సాగనంపేటప్పుడు 'పోయి రండి' అనే అంటారు.

ఆమె తడిక తీసి పట్టుకొని, "పోండి" అంది.